ఇంటిల్లిపాదికీ పాస్‌వర్డులు: 216 మాటల పట్టిక, గళ్ల నోటుబుక్కు, పోయిన ఫోను

లంగరు | ఆదివారం ఉదయం 7:52

వేరే చర్చలో పాస్‌వర్డుల గొడవ వచ్చి అసలు విషయం పక్కకు పోయింది. అందుకని విడిగా తెరుస్తున్నాను. ఒక మామూలు విశాఖ ఇల్లు అనుకోండి: ఇద్దరు పెద్దవాళ్లు, డిగ్రీ చదివే అమ్మాయి, ఏడాదిలో ఆరేడు నెలలు ఓడ మీద ఉండే అబ్బాయి. ఎలా లెక్కేసినా అరవై డెబ్బై ఖాతాలు తేలతాయి. వీటిలో ఏది బుర్రలో ఉండాలి, ఏది కాగితం మీద, ఏది యాప్‌లో?

ముందు మన ఊళ్లో తరచూ కనబడే సరుకు. ఊరి పేరు, పక్కన ఎట్ గుర్తు, 123. పేరు వెనక 0891. బండి నంబరులో ఏపీ31 తర్వాతి ముక్క. ఎంవీపీ కాలనీ వాళ్లకి 530017, గాజువాక వాళ్లకి 530026. హీరో పేరు, సినిమా వచ్చిన ఏడాది. ఇవి పెట్టుకున్నవాళ్లకి గుట్టుగా అనిపిస్తాయి. పగలగొట్టే ప్రోగ్రాముకి మాత్రం "పేరు, గుర్తు, నాలుగంకెలు" అన్నది ఒకే ఒక్క నియమం, ఫైల్లో ఒక గీత. పేర్ల జాబితా దాని దగ్గర ఎలాగూ ఉంటుంది. 2009లో రాక్‌యూ అనే సైటు నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లోనే బయటపడ్డాయి. మనుషులు పాస్‌వర్డు ఎలా కడతారో అప్పటి నుంచి దొంగలకు కొట్టినపిండి.

నా లెక్కలో బుర్రలో ఉండాల్సినవి నాలుగే: ఫోను తాళం, యూపీఐ పిన్, ప్రధాన ఈమెయిలు, పాస్‌వర్డ్ మేనేజరు (మిగతా పాస్‌వర్డులన్నీ తాళం వేసి దాచే యాప్) తలుపు తీసే అసలు పాస్‌వర్డు. మిగతావన్నీ మేనేజరే పుట్టించాలి, ఒక్కోటి 20 అక్షరాలు, ఏ రెండూ ఒకటి కాకుండా. అవి మనకి గుర్తుండాల్సిన పనే లేదు. ఈ ఏర్పాటు ఎక్కడ తెగుతుందో చెప్పండి.

తగరపువలస | ఆదివారం 8:10

20 అక్షరాలు అవసరమా అండీ? 8 పెట్టి, ఒక పెద్దక్షరం, ఒక గుర్తు, ఒక అంకె వేస్తే చాలని అన్ని సైట్లూ చెప్తున్నాయి కదా.

సెక్టార్ ఆరు | ఆదివారం 8:41

చెప్తున్నాయి, పాత అలవాటు. ఆ నియమం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వేసిన పత్రం నుంచి పాకింది. అదే సంస్థ 2017లో వెనక్కి తగ్గింది: గుర్తులూ అంకెలూ కలపమని బలవంతం చెయ్యొద్దు, లీకైన ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించొద్దు అంది. 2025 కూర్పులో ఇంకో అడుగు వేసి, పాస్‌వర్డు ఒక్కటే తాళమైన చోట కనీసం 15 అక్షరాలుండాలి అంది.

లెక్క చూడండి. సైటు వాళ్లు మన పాస్‌వర్డును ముద్ద చేసి దాస్తారు, దాన్నే హ్యాష్ అంటాం. ఆ ముద్దల ఫైలు దొంగ చేతిలో పడితే అతను తన కంప్యూటర్లో కూర్చుని ఒక్కో మాటనీ ముద్ద చేసి పోల్చుకుంటాడు. సైటులో ఉండే "మూడుసార్లు తప్పితే తాళం" అక్కడ ఉండదు. ఎండీ5 లాంటి పాత పద్ధతిలో దాచి ఉంటే, ఆటలకు వాడే ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకి రమారమి 16,400 కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. చిన్నా పెద్దా అక్షరాలూ అంకెలూ కలిపిన 8 అక్షరాల పాస్‌వర్డులన్నీ దానికి 22 నిమిషాల పని. గుర్తులు కూడా కలిపితే పదకొండు గంటల పైచిలుకు. రాత్రి పడుకుని లేచేలోపు అయిపోతుంది. పైగా ఇదంతా ఏ వరసా లేని అక్షరాల సంగతి. ఊరిపేరు ఎట్ 123కి సెకను కూడా ఎక్కువే.

సైటు వాళ్లు బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటి నిదానపు పద్ధతి వాడి ఉంటే ఇదే కార్డు నత్తనడక నడుస్తుంది. కానీ వాళ్లేం వాడారో మనకి తెలిసే దారి లేదు. 2012లో లింక్డిన్ నుంచి పోయినవి ఉప్పు (ఒక్కో పాస్‌వర్డుకీ చేర్చే వేరువేరు ముక్క) కలపని ఎస్‌హెచ్ఏ1 అనే వేగం పద్ధతిలో ఉన్నాయి. అంత పెద్ద సంస్థే అలా చేసినప్పుడు ఊరూపేరూ లేని కూపన్ల సైటు ఎలా దాస్తుందో ఊహించుకోండి. అందుకే పొడవు, అందుకే ఏ రెండూ ఒకటి కాకూడదు.

ఉక్కునగరం | ఆదివారం 9:25

పొడవు కన్నా "ఏ రెండూ ఒకటి కాకూడదు" అన్నదే పెద్ద ముక్క. కూపన్ల సైటులో పోయిన ఈమెయిలు, పాస్‌వర్డు జంటని దొంగ అలాగే పట్టుకెళ్లి మెయిల్లో, షాపింగులో, ఫేస్‌బుక్‌లో వేసి చూస్తాడు. పగలగొట్టే పనే లేదు, తాళంచెవి చేతిలోనే ఉంది.

మీ పాస్‌వర్డు ఇప్పటికే ఎక్కడైనా బయటపడిందేమో చూసుకోవడానికి హావ్ ఐ బీన్ ఓన్డ్ అనే సేవ ఉంది, 2013 నుంచి నడుస్తోంది. పాస్‌వర్డు టైపు చేస్తే వాళ్లకి తెలిసిపోదా అని అందరూ అడుగుతారు. మీ కంప్యూటరే దాన్ని ఎస్‌హెచ్ఏ1 ముద్ద చేసి, అందులో మొదటి ఐదు అక్షరాలే పంపుతుంది. ఆ ఐదుతో మొదలయ్యే ముద్దలన్నీ అటునుంచి వస్తాయి, పోల్చుకోవడం మీ దగ్గరే జరుగుతుంది. మేనేజర్లలో ఉండే "లీకైనవి చూపించు" మీట చాలావాటిలో ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

లంగరు గారి నాలుగింటిలో అసలు పాస్‌వర్డు ఎలా కట్టాలో చెప్పలేదు. కథంతా అక్కడే ఉంది.

లంగరు | ఆదివారం 11:03

దానికే వస్తున్నాను, కాస్త పొడుగ్గా ఉంటుంది.

పాచికలు వేసి మాటలు ఏరే పద్ధతి 1995 నుంచి ఉంది, పేరు డైస్‌వేర్. ఐదు పాచికలు, 7,776 ఇంగ్లిషు మాటల పట్టిక. ఇంగ్లిషు మాటలు మన పెద్దవాళ్లకి గుర్తుండవు, గుర్తున్నా స్పెల్లింగు దగ్గర తడబడతారు. తెలుగు మాటలతో 216 చాలు, కొట్టేది మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో. మూడు పాచికలు, ఆరు ఆరులు ముప్పైఆరు, ఇంటూ ఆరు.

పొడుగు నోటుబుక్కు తీసుకోండి. ఆరు పేజీలు. ఒక్కో పేజీలో ఆరు గళ్లు, ఒక్కో గడిలో ఆరు మాటలు. మొదటి పాచిక పేజీ, రెండోది గడి, మూడోది వరస. 4, 1, 6 పడితే నాలుగో పేజీ, మొదటి గడి, ఆరో మాట. ఇలా ఎనిమిది మాటలు ఏరాలి, అంటే ఇరవైనాలుగు సార్లు పాచిక వెయ్యాలి. పది నిమిషాల పని.

మాటలు కళ్లకి కట్టే వస్తువులై ఉండాలి: చేట, గొడుగు, పనస, రోలు, తాడు. "నిజాయితీ", "అభివృద్ధి" లాంటివి బొమ్మ కట్టవు, మర్చిపోతారు.

ఉదాహరణకి: చేట, ఏనుగు, పనస, గొడుగు, ఇసుక, మేడ, తాడు, జీలకర్ర. (ఇది ఇక్కడ రాసేశాను కాబట్టి ఎవరూ వాడొద్దు.) చేటలో ఏనుగు, దాని నెత్తిన పనస, పైన గొడుగు, కింద ఇసుక… అలా చిత్రం కట్టుకుంటే పట్టేస్తుంది.

మాటల మధ్య చుక్క పెట్టండి, ఖాళీ వద్దు. ఫోను కీబోర్డు మాట చివర తనంతట తాను ఖాళీ చేరుస్తుంది, ఆఖరి మాట తర్వాత కంటికి కనబడని ఖాళీ మిగిలిపోయి "పాస్‌వర్డు తప్పు" అంటుంది. అడ్డగీత కోసం గుర్తుల పేజీకి వెళ్లాలి. చుక్క అక్షరాల పేజీలోనే స్పేసు పక్కన ఉంటుంది. అన్నీ చిన్నక్షరాలే. సైటు పెద్దక్షరం, అంకె కావాలని మొండికేస్తే మొదటి అక్షరం పెద్దది, చివర ఒక 1. వాటివల్ల బలం ఏమీ పెరగదు, సైటు నోరు మూయించడానికి అంతే.

తగరపువలస | ఆదివారం 11:20

పాచికలు ఎందుకు, మనకి తోచిన ఎనిమిది మాటలు రాసేసుకోవచ్చు కదా? లేదంటే వేమన పద్యం ఒక పాదం పెట్టుకుంటే మర్చిపోయే పనే ఉండదు.

సెక్టార్ ఆరు | ఆదివారం 12:02

పద్యం వద్దు. ఎక్కడో అచ్చయిన ఏ వాక్యమైనా ఒక్క ప్రయత్నం కిందే లెక్క. పద్యాలు, సామెతలు, పాటల పల్లవులు ఇంగ్లిషు అక్షరాల్లో నెట్ నిండా ఉన్నాయి, జాబితాల్లోకి ఎక్కడానికి అడ్డేం లేదు. పద్యంలో ఒక్కో మాటకీ మొదటి అక్షరం తీసుకోవడం కొంత నయం, అదీ అందరూ ఎంచుకునే ఆ పది పద్యాలు కాకపోతే.

తోచిన మాటలంటే మనిషికి తోచేవి అవే: అమ్మ, దేవుడు, ఇల్లు, ప్రేమ, పిల్లల పేర్లు. పాచికకి ఇష్టాయిష్టాలు లేవు, దాని గొప్ప అదే.

216ని ఎనిమిదిసార్లు హెచ్చిస్తే దాదాపు 47 పక్కన పదిహేడు సున్నాలు, అంటే 62 బిట్లు (ఒక్కో బిట్టు పెరిగితే దొంగ పని రెట్టింపు). పైన చెప్పిన ఎండీ5 కార్డుకి అన్నీ చూడ్డానికి దగ్గర దగ్గర పదకొండు నెలలు పడుతుంది. మేనేజర్లు అసలు పాస్‌వర్డుని లక్షలసార్లు తిప్పి ముద్ద చేస్తాయి (బిట్‌వార్డెన్ అనే మేనేజరులో మామూలు అమరిక 6,00,000 తిప్పులు), కాబట్టి అక్కడ అదే కార్డు సెకనుకి వేలల్లోకి పడిపోతుంది, లెక్క దాదాపు కోటి ఏళ్లకి వెళ్తుంది. ఐదు మాటలతో ఆపేస్తే మాత్రం ఏడాది చాలు. బద్ధకించి తగ్గించొద్దు.

రెండు చోట్ల చెయ్యి జారుతుంది. ఒకటి, పడిన మాటల్ని కథకి బాగుంటుందని అటూ ఇటూ మార్చడం. ఎనిమిది మాటల్ని 40,320 రకాలుగా పేర్చవచ్చు. నచ్చిన వరస ఎంచుకుంటే ఆ మేరకు, అంటే 15 బిట్ల దాకా, పోగొట్టుకున్నట్టే. పడిన వరసలోనే కథ కట్టుకోవాలి. రెండోది, నచ్చలేదని మళ్లీ మళ్లీ వెయ్యడం. నాలుగుసార్లు వేసి ఒకటి ఎంచుకుంటే పోయేది రెండు బిట్లు, దానికి పరవాలేదు. నలభైసార్లు వేస్తే అది పాచిక కాదు, మీ ఇష్టం.

ఇంకోటి. వైకుంఠపాళి డబ్బాలో వచ్చే పాచిక చాలు. పచ్చీసు గవ్వలు మాత్రం వాడొద్దు. గవ్వ బోర్లా పడేదీ వెల్లకిలా పడేదీ సమానం కాదు, దాని వీపు గుండ్రం, పొట్ట చదును. పైగా ఆరు గవ్వలేస్తే మూడు తెరుచుకోవడం మాటిమాటికీ జరుగుతుంది, ఆరూ తెరుచుకోవడం అరుదు. నోటుబుక్కులో మధ్య పేజీలే అరిగిపోతాయి.

డాల్ఫిన్ ముక్కు | ఆదివారం మధ్యాహ్నం 1:15

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలంటే స్పెల్లింగు సంగతి ఏటి మేస్టారూ? "రాత్రి"కి ఆర్ తర్వాత ఒక ఏనా రెండా, టీ తర్వాత హెచ్ ఉందా లేదా, పొద్దున్న ఒకలా రాత్రి ఒకలా కొడతారు. మర్చిపోయేది మాట కాదు, స్పెల్లింగే.

పోనీ తెలుగు లిపిలోనే పెడదామంటే ఇంకా పేచీ. విండోస్ తాళం తెర దగ్గర ఇంగ్లిషు కీబోర్డే వస్తుంది. ఉచ్చారణ టైపు చేస్తే తెలుగుగా మార్చే కీబోర్డులు పాస్‌వర్డు గడిలో మార్పిడి ఆపేస్తాయి. ఇవి దాటినా లోపల వేరే గొడవ: తెలుగులో ఒక్కో అక్షర సంకేతం మూడు బైట్లు. "విశాఖపట్నం" పది సంకేతాలు, అంటే 30 బైట్లు. బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత చూడదు, అక్కడితో కత్తిరించేస్తుంది. అంటే మూడోసారి విశాఖపట్నం అని రాస్తున్నప్పుడు సగంలోనే పాస్‌వర్డు అయిపోయింది, తర్వాత ఏం కొట్టినా తలుపు తెరుచుకుంటుంది.

ఇక "వైజాగ్" చూడండి. ఆ ఐత్వం యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే ప్రమాణంలో) ఒకే సంకేతంగానూ ఉండొచ్చు, ఎత్వం ప్లస్ కింద ఐత్వపు ముక్క అని రెండు సంకేతాలుగానూ ఉండొచ్చు. కంటికి రెండూ ఒకటే. ముద్ద చేసేముందు రెండింటినీ ఒక రూపానికి తెచ్చే సైటైతే సరే, లేకపోతే ఒక ఫోనులో తెరుచుకున్నది ఇంకో దానిలో తెరుచుకోదు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కొన్ని కీబోర్డులు కనబడని విడదీత అక్షరం చొప్పిస్తాయి, కొన్ని చొప్పించవు. కాబట్టి లిపి మీద ఎంత మమకారం ఉన్నా తాళాల దగ్గర ఇంగ్లిషు అక్షరాలే.

లంగరు | ఆదివారం 2:30

ఒప్పుకుంటున్నాను, స్పెల్లింగు నియమం నోటుబుక్కు మొదటి పేజీలోనే రాయాలి. నేను పెట్టేది ఇది: హ్రస్వానికీ దీర్ఘానికీ ఒకే అక్షరం. త, ట రెండూ టీ. ద, డ రెండూ డీ. న, ణ ఒకటే, ల, ళ ఒకటే. వత్తు పలికే అక్షరాలకి హెచ్ చేర్చకూడదు. హెచ్ వచ్చేది చ, శ, ష, హ లకి మాత్రమే. వ అంటే ఎప్పుడూ వీ, డబ్ల్యూ లేదు. జంట హల్లు జంటగానే. మాట మధ్యలో సున్న వస్తే ఎన్నా ఎమ్మా అని తగువు, అందుకని అలాంటి మాటలు పట్టికలోకే రానివ్వొద్దు.

ఉక్కునగరం | ఆదివారం 3:05

ఆ నియమంతో కొన్ని మాటలు ఒకటైపోతాయి, చూసుకోండి. మేడ, మెడ ఒకటే. వడ, వాడ ఒకటే. తాత, టాటా ఒకటే. కల్లు, కళ్లు సంగతి చెప్పక్కర్లేదు. ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యాలి, లేకపోతే 216 అనుకున్నది 210 అవుతుంది. కొంపలేం మునగవు, లెక్క తప్పుతుంది.

ఇక యాప్ సంగతి. సులువు కావాలంటే బిట్‌వార్డెన్: ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డులైనా, ఎన్ని ఫోన్లలోనైనా. మన ఖజానా తాళం పడి వాళ్ల సర్వర్లో ఉంటుంది. అసలు పాస్‌వర్డు మర్చిపోతే వాళ్లు కూడా తియ్యలేరు, ఇది లోపం కాదు, దాని పనే అది.

ఎవరి సర్వరూ వద్దనుకుంటే కీపాస్. ఖజానా అంతా కేడీబీఎక్స్ అనే ఒక్క ఫైలు. కంప్యూటర్లో కీపాస్ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్. దీనిలో జనం తప్పు చేసేది ఒకచోట: ఫైలు డ్రైవ్‌లో పెట్టి ఒకే రోజు ఫోనులో ఒకటి చేర్చి, కంప్యూటర్లో ఇంకోటి మారుస్తారు. రెండు నకళ్లు పుడతాయి. కొత్త తేదీది ఉంచి రెండోది చెరిపేస్తారు, దాంతో ఒక మార్పు గంగలో కలుస్తుంది. చెరపొద్దు. కీపాస్ఎక్స్‌సీలో డేటాబేస్ మెనూలో విలీనం చేసే మీట ఉంది, రెండో నకలుని అందులోకి కలిపేసి ఆ తర్వాత తీసెయ్యండి.

క్రోమ్ దాచుకున్నవాటిని కొత్త యాప్‌లోకి మార్చేటప్పుడు సీఎస్‌వీ ఫైలు దిగుతుంది. అందులో అరవై పాస్‌వర్డులూ బట్టబయలు. ఎక్కించడం అయ్యాక డౌన్‌లోడ్స్‌లోంచి చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలి. దాన్ని వాట్సాప్‌లో తమకి తామే పంపుకునేవాళ్లున్నారు. ఆ ఫైలు ఫోనులో ఒకటి, అటాచ్ అయిన కంప్యూటర్లో ఒకటి కూర్చుంటుంది.

గవర కంచరాన | ఆదివారం సాయంత్రం 5:40

మీ బిట్లు బాగున్నాయి గానీ, పెద్దవాళ్ల ఖాతాలు పోయేది జిరాక్సు షాపులో, నెట్ సెంటర్లో. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

దరఖాస్తు నింపడానికి వెళ్తే కౌంటర్ దగ్గరి కుర్రాడే ఖాతా తెరుస్తాడు. అందరికీ ఒకే పాస్‌వర్డు, పేరు ఎట్ 123. తొందరలో తిరిగి పొందే నంబరు దగ్గర షాపు ఫోనే కొట్టేస్తాడు. అతనిది చెడ్డ బుద్ధి కాదు, రోజుకి నలభై దరఖాస్తులు. కానీ ఆ ఖాతా షాపుదే. ఇంటికొచ్చాక చెయ్యాల్సినవి వరసగా: ముందు రికవరీ ఫోను, రికవరీ ఈమెయిలు మార్చండి, తర్వాతే పాస్‌వర్డు. తర్వాత "అన్ని పరికరాల నుంచి బయటికి" అన్న మీట నొక్కండి. వరస తిప్పితే, పాస్‌వర్డు మార్చిన మరుక్షణం పాత నంబరుతో మళ్లీ మార్చుకునే సందు అలాగే ఉంటుంది.

ప్రింటు కోసం షాపు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిస్తే, బయటికొచ్చేముందు ఫోనులో లింక్డ్ డివైసెస్ తెరిచి ఆ కంప్యూటరుని తీసెయ్యాలి. బ్రౌజరు మూసేస్తే సరిపోదు.

ఇ-ఆధార్ పీడీఎఫ్‌కి తాళం ఉంది కదా అనుకోవద్దు. పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన ఏడాది. మీ పేరూ వయసూ తెలిసిన ఎవరైనా తెరుస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్లూ చాలామటుకు ఇదే బాపతు. ఆ తాళం పొరపాటున వేరేవాళ్ల చేతిలో పడితే అడ్డు, అంతకు మించి కాదు. మెయిలుని కాపాడుకుంటేనే ఆ ఫైళ్లు భద్రం.

తగరపువలస | ఆదివారం 6:15

పెద్దవాళ్లకి యాప్ బొత్తిగా రాదండీ. పాస్‌వర్డులు నోటుబుక్కులో రాసుకోమంటే తప్పా?

గవర కంచరాన | ఆదివారం 6:52

తప్పేం లేదు. రష్యాలో కూర్చున్నవాడు అక్కయ్యపాలెంలో బీరువా తెరవలేడు. పుస్తకంలో ఉన్న బలమైన పాస్‌వర్డు, బుర్రలో ఉన్న బలహీనమైన దానికన్నా వెయ్యి రెట్లు నయం. కీబోర్డు కింద చీటీ, ఫ్రిజ్ మీద స్టిక్కరు, ఫోను కవరు వెనక ముక్క: ఇవి వద్దు.

పుస్తకానికి కారప్పొడి చల్లండి. అంటే ప్రతి పాస్‌వర్డుకీ చివర ఒకే నాలుగక్షరాల ముక్క ఉంటుంది, అది పుస్తకంలో రాయరు, నోటికి మాత్రమే తెలుసు. పుస్తకం పనిమనిషి చేతికో, చుట్టం చేతికో చిక్కినా రాసింది రాసినట్టు కొడితే తెరుచుకోదు.

రాసేటప్పుడు సున్నా, ఓ అక్షరం, ఒకటి, చిన్న ఎల్, పెద్ద ఐ కలిసిపోతాయి. బిట్‌వార్డెన్ పుట్టించే చోట "పోలికున్న అక్షరాలు వద్దు" అని టిక్కు పెట్టుకోవచ్చు. బాల్ పెన్నుతో రాయండి. మన సముద్రపు గాలికి జెల్ పెన్ను సిరా వర్షాకాలంలో పక్క పేజీకి అంటుకుంటుంది. బిల్లు కాగితం లాంటి థర్మల్ ముద్రలు ఏడాదికే తెల్లబడతాయి.

బ్యాంకు ఏటీఎం పిన్, యూపీఐ పిన్ మాత్రం పుస్తకంలోకి రాకూడదు.

ఉక్కునగరం | ఆదివారం 7:20

కారప్పొడితో ఒక చిక్కు: సైటు పాస్‌వర్డు మార్చమన్నప్పుడు కొత్త ముక్క రాసి, పొడి చల్లడం మర్చిపోతారు. మార్చిన వెంటనే బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లి చూసుకోవాలి. ఇది అందరికీ వర్తిస్తుంది. కొన్ని సైట్లు 20 అక్షరాలు తీసుకున్నట్టే తీసుకుని చప్పుడు చెయ్యకుండా మొదటి పదహారే దాస్తాయి, లాగిన్ గడిలో మాత్రం ఇరవై పోల్చి కాదంటాయి. వెంటనే పరీక్షిస్తే అప్పటికప్పుడు తెలుస్తుంది, ఆర్నెల్ల తర్వాత తెలిస్తే బ్యాంకు చుట్టూ తిరగాలి.

లంగరు | ఆదివారం రాత్రి 9:10

ఇప్పుడు ఓడ మీద అబ్బాయి. ఇక్కడే నా ఏర్పాటు అసలు తెగేది. పాస్‌వర్డు తర్వాత అడిగే రెండో తాళం ఎస్ఎంఎస్ ఓటీపీ అయితే నడిసముద్రంలో సిగ్నల్ లేదు. పైగా ప్రీపెయిడ్ సిమ్ము 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ తీసెయ్యవచ్చు. తీసేసిన నంబరు ఇంకో 90 రోజుల తర్వాత కొత్తవాళ్లకి ఇవ్వవచ్చు. ఆ కొత్త మనిషి ఫోనుకి మన ఓటీపీలు వెళ్తాయి. ఓడ ఎక్కేముందు ఇంట్లోవాళ్ల ఫోనులో ఆ సిమ్ము వేసి అప్పుడప్పుడు ఒక కాల్ చేయించడం తేలిక దారి. రీచార్జి గడువు కూడా వాళ్లే చూసుకోవాలి.

ఎస్ఎంఎస్ బదులు కోడ్ పుట్టించే యాప్, అంటే 30 సెకన్లకొకసారి ఆరంకెలు మార్చేది, పెట్టుకుంటే సిగ్నల్ అక్కర్లేదు. ఫోనులో గడియారం ఉంటే చాలు.

డాల్ఫిన్ ముక్కు | ఆదివారం 9:48

ఆ గడియారమే ఓడ మీద కొంప ముంచేది. ఓడ పడమటికి పోతుంటే రాత్రుళ్లు గడియారం గంట వెనక్కి పెడతారు. నెట్‌వర్క్ లేదు కాబట్టి ఫోను తనంతట మారదు, కుర్రాళ్లు చేత్తో ముళ్లు తిప్పినట్టు టైము తిప్పేస్తారు. కాలమండలం (టైమ్ జోన్) భారతదేశంగానే ఉంటుంది, టైము మాత్రం గంట వెనక. లోపలి అసలు లెక్క గంట తప్పింది. కోడ్ యాప్ ఆ అసలు లెక్క మీదే నడుస్తుంది, సైట్లు ఒకటి రెండు అరనిమిషాల తేడా మాత్రమే ఓర్చుకుంటాయి. ప్రతి కోడూ తప్పంటుంది, ఫోను పాడైందనుకుంటారు.

తిప్పాల్సింది టైము కాదు, కాలమండలం. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం తెరిచి ఆటోమేటిక్ జోన్ తీసేసి ఓడ ఉన్న మండలం ఎంచుకోండి. గంట తనే మారుతుంది, కోడ్లు పనిచేస్తాయి.

సెక్టార్ ఆరు | ఆదివారం 10:20

ఫోను నీళ్లలో పడితే కోడ్ యాప్ కూడా దానితోపాటే. కాబట్టి రికవరీ కోడ్లు, అంటే ఫోను లేకపోయినా ఖాతా తెరిచేవి. గూగుల్ ఒకసారికి పది ఇస్తుంది, ఎనిమిదేసి అంకెలు, ఒక్కోటి ఒక్కసారే. కాగితం మీద రెండు నకళ్లు: ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఇంట్లో. వాడినదాన్ని కొట్టెయ్యండి, మూడు మిగిలేసరికి కొత్త పది తీసుకోండి. కొత్తవి తీసుకున్న క్షణం పాతవన్నీ చచ్చినట్టే, కాబట్టి రెండో ఇంట్లో నకలు కూడా మార్చాలి. ఇక్కడే అందరూ మరుస్తారు.

రెండో ఇల్లు ఎందుకంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, కిటికీలు ఎగిరిపోయి గదుల్లోకి నీళ్లొచ్చాయి. తుపానుకి ఎస్ఎంఎస్ రాదు, తడిసిన కాగితం పనికిరాదు. జిప్ కవర్లో పెట్టి, రెండో నకలు అనకాపల్లి వైపో విజయనగరం వైపో చుట్టాలింట్లో ఉంచండి.

ఆండ్రాయిడ్‌లో ఏజిస్ అనే కోడ్ యాప్ ఉంది, తాళం వేసిన బ్యాకప్ ఫైలు ఇస్తుంది. గూగుల్ ఆథెంటికేటర్ 2023 నుంచి గూగుల్ ఖాతాలోకి నకలు తీస్తుంది. కానీ గూగుల్ ఖాతా కోడే అందులో ఉంటే, ఇంట్లో తాళంచెవి పెట్టి తలుపేసుకున్నట్టు.

గవర కంచరాన | సోమవారం ఉదయం 6:35

సిమ్ము గురించి ఒక ముక్క. ఫోనుకి ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్ల ఫోనుకి అదే కంపెనీ సిగ్నల్ ఉంటే టవరు అనుకుని కూర్చోవద్దు. మీ పేరున ఎవరో కొత్త సిమ్ము తీసుకుని ఉండొచ్చు. సిమ్ము మార్చిన తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపాలని నిబంధన ఉంది, ఆ 24 గంటలే మీకున్న వ్యవధి. వేరే ఫోను నుంచి కంపెనీకీ బ్యాంకుకీ చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930, గంటలు కాదు నిమిషాలు లెక్క.

సిమ్ముకి పిన్ పెట్టుకోవచ్చు, దొంగ దాన్ని తీసి ఇంకో ఫోనులో వేసినా ఓటీపీలు రావు. మూడుసార్లు తప్పితే పీయూకే (సిమ్ము తాళం విప్పే కోడు) అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ము పారెయ్యడమే. పీయూకే కంపెనీ ఇస్తుంది. ఊహించి కొట్టొద్దు.

తగరపువలస | సోమవారం 7:30

వేలిముద్రతో తెరుచుకుంటోంది కదా అని అసలు పాస్‌వర్డు కొట్టే పనే రావట్లేదు చాలామందికి. రెణ్నెల్లకి గుర్తుంటుందా?

లంగరు | సోమవారం 8:05

ఉండదు. మొదటి రెండు వారాలు వేలిముద్ర ఆపెయ్యండి. మొదటి రోజు మూడుసార్లు, తర్వాత వారం పొద్దున్నా సాయంత్రం చేత్తో కొట్టాలి. అది రాసుకున్న చీటీ అప్పటిదాకా పర్సులో. రెండు వారాలయ్యాక చీటీని చింపొద్దు, బీరువాలో కవరులో పెట్టండి. తర్వాత వేలిముద్ర పెట్టుకోవచ్చు. కానీ ఆదివారం ఆదివారం ఖజానాకి తాళం వేసి ఒకసారి చేత్తో తెరవండి.

పాస్‌కీల (పాస్‌వర్డు బదులు ఫోను తాళంతోనే లోపలికి పంపేవి) సంగతి ఎవరో అడిగేలోపు చెప్పేస్తా: ఇచ్చే సైట్లలో తీసుకోండి. అది అసలు చిరునామాకే కట్టి ఉంటుంది, కరెంటు బిల్లు పేరుతో వచ్చే దొంగ సైటులో పనిచెయ్యదు. మేనేజరు నింపడం కూడా అంతే, చిరునామా సరిపోకపోతే నింపదు. "యాప్ నింపట్లేదు, చేత్తో కొట్టేద్దాం" అని అనిపించిన చోట ఆగి, పైన చిరునామా చదవండి.

తగరపువలస | సోమవారం 8:22

216 మాటల పట్టిక ఇక్కడే పెట్టేస్తే అందరికీ తెలిసిపోదా?

సెక్టార్ ఆరు | సోమవారం 8:40

తెలియనివ్వండి. లెక్క కట్టినప్పుడే పట్టిక దొంగ చేతిలో ఉందనుకుని కట్టాం. గుట్టు పాచికల్లో ఉంది.

లంగరు | సోమవారం 9:15

సరే, మొదటి పేజీ మొదటి గడి:

1-1-1 అటక
1-1-2 ఆనపకాయ
1-1-3 ఇసుక
1-1-4 ఉడుత
1-1-5 ఎలుక
1-1-6 ఏనుగు

మిగతా ముప్పైఐదు గళ్లకీ మాటలు పంపండి. సున్నలు వద్దు. మేడ ఉంచుతున్నాను, మెడ తీసేశాను.

ఉక్కునగరం | సోమవారం 9:31

కల్లు ఉంచండి, కళ్లు తీసెయ్యండి.